తేదీ మీద వేలాడని ఆశ

‘నిర్బంధంలో ఆశ’ అన్న అంశం మీద ప్రశ్నలు పంపవలసిందిగా గత సంచికలో పాఠకులను కోరాం. వచ్చిన ఉత్తరాలలో ఒకదానితో ఒకటి ముడిపడిన ఐదింటిని ఎంచుకుని ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా కళాశాల పఠన బృందంలో విక్టర్ ఫ్రాంకల్ తన నిర్బంధ శిబిర జీవితం గురించి రాసిన ‘మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్’ చదివాం. అదే వారం విద్యార్థులు ‘కాస్ట్ అవే’ సినిమా వేసుకుని చూశారు. రెండూ చెరలో ఆశ గురించే కదా అని ఒక అమ్మాయి అన్నది. లక్షల మందిని చంపిన శిబిరాలనూ, సినిమా కథలోని దీవినీ ఒకే గాటన కట్టడం తప్పని ఇంకొక విద్యార్థి గట్టిగా వాదించాడు. మీరేమంటారు?
– అధ్యాపకురాలు, హనుమకొండ

జవాబు: అభ్యంతరం చెప్పిన విద్యార్థి మాటలో న్యాయం ఉంది. ఫ్రాంకల్ వియన్నాకు చెందిన యూదు మానసిక వైద్యుడు. నాజీలు ఆయనను 1942 సెప్టెంబరులో భార్యతో, తల్లిదండ్రులతో పాటు తెరెసియెన్‌స్టాట్‌కు తరలించారు. 1944 అక్టోబరులో ఆష్విట్జ్‌కు, అక్కడి నుంచి డాహౌ కింద ఉన్న చిన్న శిబిరాలకు పంపారు. 1945 ఏప్రిల్ 27న ఆయనకు విముక్తి లభించింది. తండ్రి, తల్లి, సోదరుడు శిబిరాల్లోనే పోయారు. భార్య బెర్గెన్ బెల్సెన్‌లో చనిపోయిన సంగతి ఆయనకు వియన్నా చేరాకే తెలిసింది. ‘కాస్ట్ అవే’ 2000లో వచ్చిన కల్పిత కథ. రాబర్ట్ జెమెకిస్ తీసిన ఆ సినిమాలో చక్ నోలాండ్ అనే ఫెడెక్స్ ఉద్యోగి విమాన ప్రమాదంలో పసిఫిక్ సముద్రంలో పడి, ఒక నిర్జన ద్వీపంలో నాలుగేళ్లు ఒంటరిగా బతుకుతాడు. అతణ్ణి కొట్టేవాడు లేడు, పేరు తీసేసి అంకె తగిలించేవాడు లేడు. అందుచేత బాధను బాధతో తూచే పని పెట్టుకోకూడదు. అయితే ఎప్పుడు బయటపడతాడో తెలియని మనిషి లోలోపల ఏమవుతాడు, దేన్ని పట్టుకుని నిలబడతాడు అన్న ప్రశ్న ఒకటుంది. ఆ ప్రశ్న వరకు మాత్రం ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవవచ్చు. చదివితే లాభం కూడా ఉంది.

ఫ్రాంకల్ పుస్తకంలో శిక్షాకాలం తెలియకపోవడమే అన్నిటికన్నా పెద్ద శిక్షగా కనిపిస్తుంది. మామూలు ఖైదీకి విడుదల తేదీ ఉంటుంది, శిబిరంలో అదీ లేదు. లేని తేదీని మనుషులు తామే కల్పించుకున్నారు. 1944 క్రిస్మస్‌కూ 1945 కొత్త సంవత్సరానికీ మధ్య వారంలో శిబిరంలో మరణాలు ఎన్నడూ లేనంతగా పెరిగాయని అక్కడి ప్రధాన వైద్యుడు గమనించాడు. పని పెరగలేదు, తిండి తగ్గలేదు, చలి కొత్తగా ముదరలేదు. క్రిస్మస్ నాటికి ఇల్లు చేరతామని చాలామంది గంపెడాశతో ఉన్నారు; ఆ రోజు వచ్చి వెళ్లిపోయింది. మరొక ఉదంతం ఇంకా దగ్గరి నుంచి చూసినది. ఫ్రాంకల్ ఉన్న బ్లాకుకు పెద్దగా వ్యవహరించిన ఒక సంగీతకారుడు, తనకు ఫిబ్రవరిలో కల వచ్చిందనీ, మార్చి 30న మన కష్టాలు తీరుతాయని అందులో ఒక గొంతు చెప్పిందనీ ఫ్రాంకల్ చెవిలో వేశాడు. ఆ తేదీ దగ్గర పడే కొద్దీ యుద్ధ వార్తల్లో అలాంటి సూచన ఏదీ లేదు. మార్చి 29న అతనికి జ్వరం వచ్చింది. 30న స్పృహ తప్పింది. 31న చనిపోయాడు. పైకి చూస్తే కారణం టైఫస్. ఒక్కసారిగా ఆశ కూలిపోవడంతో శరీరం రోగానికి లొంగిపోయిందని వైద్యుడిగా ఫ్రాంకల్ నిర్ధారణ.

ఇప్పుడు సినిమాకు రండి. చక్ నోలాండ్ గడియారానికి బానిస. పార్శిళ్లు నిమిషాల మీద చేరాలని దేశదేశాలు తిరిగి ఉద్యోగులను అదిలించే మనిషి. దీవిలో అతనికి మిగిలిన జేబు గడియారం నడవదు. దాని మూతలో ప్రియురాలి ఫొటో ఉంది కనుక దాచుకుంటాడు. కొన్నాళ్లకు ఒక లెక్క వేస్తాడు: విమానం దారి తప్పి ఎంత దూరం వచ్చింది, వెదికేవాళ్లు ఎంత సముద్రం గాలించాలి అని. తేలిన వైశాల్యం ఐదు లక్షల చదరపు మైళ్లు. అంటే తనను వెదుక్కుంటూ ఎవరూ రారు. ఆ లెక్క వేసిన తర్వాత కూడా అతను బతికే ఉంటాడు చూశారా, సాహస చిత్రాల రివాజుకు భిన్నంగా ఈ సినిమా అక్కడ నిలబడింది.

ఫ్రాంకల్ కూడా సరిగ్గా ఇలాంటి లెక్కే వేశాడు. ఆకలికి తాళలేక ఒక ఖైదీ గోదాములో బంగాళాదుంపలు దొంగిలించాడు. అతణ్ణి అప్పగించకపోతే శిబిరం మొత్తానికి ఒక రోజు తిండి ఆపేస్తామన్నారు. రెండున్నర వేల మంది పస్తుండటానికే సిద్ధపడ్డారు, పేరు చెప్పలేదు. ఆ సాయంత్రం దీపాలు కూడా ఆరిపోయిన గుడిసెలో, నాలుగు మాటలు చెప్పమని ఫ్రాంకల్‌ను అడిగారు. చలికీ ఆకలికీ ఆయనకే ఓపిక లేదు. అయినా లేచి, తాను బతికి బయటపడే అవకాశం ఇరవైలో ఒకటి అని అనుకుంటున్నానని ఉన్నమాట చెప్పాడు; అయినప్పటికీ ఆశ వదులుకునే ఉద్దేశం తనకు లేదని, వచ్చే గంట ఏం తెస్తుందో ఎవరికీ తెలియదని అన్నాడు. బయటపడతాం, భయం లేదు అని ఊరడించి ఉంటే ఆ మాట ఇంకొక క్రిస్మస్ అయ్యేది. నాకు ఆ పుస్తకం మొత్తంలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే.

తేదీ పోయిన తర్వాత, లెక్క కూడా వ్యతిరేకంగా తేలిన తర్వాత మిగిలేది ఏమిటి? ఇద్దరి విషయంలోనూ మిగిలినవి రెండే: చేయవలసిన పని ఒకటి, జవాబు చెప్పుకోవలసిన మనిషి ఒకరు. ఫ్రాంకల్ తన మొదటి గ్రంథం రాతప్రతిని కోటులో దాచుకుని ఆష్విట్జ్‌కు తెచ్చాడు; వచ్చిన వెంటనే అది పోయింది. తర్వాత టైఫస్ జ్వరంలో, రాత్రి నిద్రపోతే ప్రాణం పోతుందేమోనన్న భయంతో, దొరికిన చిత్తు కాగితాల మీద దాన్ని ముక్కముక్కలుగా మళ్లీ రాసుకున్నాడు. చక్ దగ్గర తెరవని పార్శిలు ఒకటి ఉంటుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన మిగతా పెట్టెలన్నీ విప్పి వాడుకున్నాడు కానీ, రెక్కల బొమ్మ ఉన్న ఆ పెట్టెను మాత్రం విప్పలేదు. దాన్ని చేర్చవలసిన చిరునామా ఉంది, కనుక తనకింకా ఉద్యోగం ఉన్నట్టే. (సినిమా ఒక కొరియర్ సంస్థకు రెండున్నర గంటల ప్రకటనలా ఉందని కొందరు ఎకసెక్కాలాడారు. ఆ మాట పూర్తిగా తప్పని నేను అనను. కానీ ఆ పెట్టె లేకపోతే కథకు వెన్నెముక లేదు.)

సినిమాలో మీ విద్యార్థులు గమనించారో లేదో, తాడు విషయం ఒకటుంది. ఒక దశలో చక్ చనిపోవాలని నిశ్చయించుకుని, కొండ అంచున చెట్టుకు తాడు కట్టి, ముందుగా ఒక దుంగను వేలాడదీసి పరీక్షిస్తాడు. కొమ్మ విరిగిపోతుంది. తన చావు కూడా తన చేతుల్లో లేదని అతనికి అప్పుడు అర్థమవుతుంది. తర్వాత తెప్ప కట్టుకునేటప్పుడు తాడు సరిపోదు. మళ్లీ ఆ కొండ ఎక్కడానికి ఇష్టం లేకున్నా ఎక్కి, దుంగకు కట్టిన ఆ తాడునే విప్పి తెచ్చి తెప్పకు వాడతాడు. దర్శకుడు దీన్ని ఎవరి చేతా వివరంగా చెప్పించలేదు. దీవిలో ఉన్నంతసేపూ నేపథ్య సంగీతం కూడా లేదు. తెప్ప అలలను దాటాకే అది మొదలవుతుంది. మన సినిమాల్లో ఇలాంటి చోట ఒక పాట, ఒక ఉపన్యాసం తప్పనిసరిగా ఉండేవి.

ఇద్దరినీ విడదీసే చోటు కూడా చెప్పాలి. సినిమా చూసేవాడికి కథానాయకుడు తిరిగి వస్తాడని టికెట్టు కొన్నప్పుడే తెలుసు. ఫ్రాంకల్ మాత్రం తమలో అత్యుత్తములు తిరిగి రాలేదని మొదటి పేజీల్లోనే రాశాడు. బతికి రావడం మనోబలానికి దక్కిన బహుమానమని ఆయన ఎక్కడా అనలేదు. ఏ వరుసలో నిలబడ్డాం, ఏ బండి ఎక్కాం అన్న యాదృచ్ఛికత మీద ఎంత ఆధారపడిందో పదేపదే చెప్పాడు. ఆశ ఉన్నవాడు బతికాడు, లేనివాడు పోయాడు అని ఈ పుస్తకాన్ని కుదించి చెప్పే వక్తలు చనిపోయినవారికి అన్యాయం చేస్తున్నారు. మీ విద్యార్థి కోపం వెనుక ఉన్నది ఇదే అయితే, ఆయన కోపం సబబైనదే.

ప్రశ్న: చెర గురించి మాట్లాడటానికి వియన్నా దాకా, హాలీవుడ్ దాకా పోవాలా? మా ఊరి ఖిల్లా జైలులో దాశరథి గోడల మీద పద్యాలు రాయలేదా?
– విశ్రాంత తెలుగు పండితుడు, నిజామాబాద్

జవాబు: పోనవసరం లేదు, కానీ పోయి వస్తే మన ఖిల్లా మరింత బాగా అర్థమవుతుంది. దాశరథి కృష్ణమాచార్య ఒకప్పటి వరంగల్ జిల్లా చిన్నగూడూరులో పుట్టినవారు. నిజాం పాలన చివరి రోజుల్లో ఆయనను నిజామాబాద్ కోటలోని జైలులో ఉంచినప్పుడు కాగితం, కలం లేకపోతే బొగ్గుతో గోడ మీద పద్యాలు రాసిన సంగతి మన దగ్గర బడి పిల్లలకు కూడా తెలుసు. గోడ మీది బొగ్గు రాత ఎన్నాళ్లు ఉంటుందని ఆయన ఆలోచించలేదు. సున్నం కొడితే చెరిగిపోయేదే. అయినా ఛందస్సు తప్పకుండా రాశారు. నాకు ముఖ్యమనిపించేది ఈ సంగతే: ఎప్పుడు అచ్చవుతుందో తెలియని పద్యానికి కూడా యతిప్రాసలు చూసుకున్న మనిషి, విడుదల కోసం కూర్చుని ఎదురుచూడటం లేదు, తన పని తాను చేసుకుంటున్నాడు. ఫ్రాంకల్ చిత్తు కాగితాలకూ దీనికీ దూరం ఎంతో లేదు.

అదే జైలులో ఆయనతో పాటు వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. పద్యాలను మొదట విన్నది, గుర్తు పెట్టుకున్నది తోటి ఖైదీలే. దాశరథి తర్వాత తన ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. ఆళ్వారుస్వామి రాసిన ‘జైలు లోపల’ కథలు మీరు చదివే ఉంటారు; వాటిలో ఉద్యమ నాయకుల కన్నా, దొంగతనాలకూ హత్యలకూ శిక్ష పడి వచ్చిన మామూలు ఖైదీలే ఎక్కువ కనిపిస్తారు. జైలులో పడిన రచయిత తన గోడు వెళ్లబోసుకోకుండా పక్కవాడి కథ రాయడం అరుదు. నేను ఒక్క పుస్తకమే ఎంచుకోవలసి వస్తే, ఫ్రాంకల్ పక్కన ‘కాస్ట్ అవే’ను కాక ‘జైలు లోపల’ను పెడతాను. ఇది మీ ఊరి మీద అభిమానంతో అంటున్న మాట కాదు.

ఇంకొక సంగతి. వరంగల్ కేంద్ర కారాగారాన్ని 2021లో ఖాళీ చేసి, ఖైదీలను వేరే జైళ్లకు పంపి, ఆసుపత్రి కట్టడానికి పడగొట్టారు. నిజాం కాలం నాటి ఆ గోడల వెనుక ఎందరు ఏం రాశారో, ఏం పాడుకున్నారో సేకరించే పని భవనం ఉన్నప్పుడు జరిగి ఉంటే బాగుండేది. అక్కడ గడిపినవారిలో ఇంకా మన మధ్య ఉన్నవారి జ్ఞాపకాలనైనా రాసి పెట్టుకోవాలి.

ప్రశ్న: నేను సింగరేణి బాయిలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి దిగిపోయిన. పైకప్పు కూలి దారి మూసుకపోతే లోపలున్నోళ్లకు ఒకరికొకరే ధైర్యం. మీ సినిమాలో హీరో ఒక్కడే ఉండి గెలిచినట్టు చూపిస్తరు. ఒక్కనికి అది సాధ్యమైతదా?
– విశ్రాంత కార్మికుడు, గోదావరిఖని

జవాబు: మీ సందేహమే సినిమా తీసినవారికీ వచ్చి ఉంటుంది. అందుకే చక్‌కు ఒక తోడును కల్పించారు. పార్శిలులో దొరికిన వాలీబాల్ మీద అతని చేతి నెత్తుటి ముద్ర పడుతుంది. దానికి కళ్లు, ముక్కు దిద్ది, విల్సన్ అని పిలుస్తూ, దానితో వాదించి, అలిగి, మళ్లీ క్షమాపణ చెప్పుకుంటాడు. సముద్రంలో అది కొట్టుకుపోయినప్పుడు బిడ్డ పోయినట్టు ఏడుస్తాడు. ఒక్కడిగా బతకడం సాధ్యం కాదనే ఆ సన్నివేశం ఒప్పుకుంటున్నది.

నిజ జీవితంలో సాక్ష్యం కావాలంటే ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా సొరంగం ఉంది. 2023 నవంబరు 12న, దీపావళి నాడు, సొరంగం కూలి 41 మంది లోపల చిక్కుకుని 17 రోజుల తర్వాత అందరూ ప్రాణాలతో బయటకు వచ్చారు. మొదట సన్నని గొట్టం గుండా మరమరాలు, శనగల వంటి పొడి తిండే పంపగలిగారు. తర్వాత ఆరు అంగుళాల గొట్టం వేసి సీసాల్లో వేడి కిచిడీ పంపారు. లోపల వాళ్లు సొరంగం పొడవునా నడిచారు, వ్యాయామం చేశారు, పెద్దవాళ్లు కుర్రవాళ్లకు ధైర్యం చెప్పారు. యంత్రం విరిగిపోతే చివరి మీటర్లను చేతులతో తవ్వింది ఎలుక బొరియల పద్ధతిలో తవ్వడం తెలిసిన కూలీలు. చిలీ దేశంలో 2010లో 33 మంది గని కార్మికులు 69 రోజులు భూమి లోపల ఉన్నారు. బయటి ప్రపంచానికి తాము బతికి ఉన్నట్టు తెలియని మొదటి 17 రోజులు, ఉన్న కొద్దిపాటి చేప ముక్కలను చెంచాల లెక్కన అందరూ సమానంగా పంచుకున్నారు. పంపకాన్ని నడిపింది షిఫ్టు బాధ్యుడు, మీ భాషలో ఓవర్‌మన్ లాంటివాడు.

ఫ్రాంకల్ కూడా గుడిసెల వెంట తిరుగుతూ ఇతరులను ఓదార్చినవారిని, తమ చివరి రొట్టె ముక్కను ఇచ్చివేసినవారిని గుర్తు చేసుకున్నాడు. వారు కొద్దిమందే అని కూడా రాశాడు. ఎక్కువమంది అని రాసి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. బాయిలో మీరు చూసినది కూడా వీలుంటే రాసి పంపండి, ప్రచురిస్తాం.

ప్రశ్న: గ్రూప్స్ కోసం హనుమకొండలో గది తీసుకుని చదువుతున్నాను. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, వచ్చినా కోర్టులో ఆగుతుందో తెలియదు. నా గది కూడా జైలులాగే అనిపిస్తోంది. ఫ్రాంకల్ నాకు పనికొస్తాడా?
– అభ్యర్థి, హనుమకొండ

జవాబు: మీ గదికి లోపలి నుంచి గడియ ఉంది, ఆ తేడాను మరచిపోకండి. అయితే తేదీ తెలియని నిరీక్షణ మనిషిని లోపల నుంచి తినేస్తుందన్నది మీ విషయంలోనూ నిజమే. వచ్చే నెల, వచ్చే ఉగాది అని తేదీలు పెట్టుకుని, అవి తప్పిన ప్రతిసారీ కుంగిపోకండి. నోటిఫికేషన్ వచ్చినా రాకపోయినా చెల్లే పని రోజూ ఒకటి చేయండి: కింది గది కుర్రవాడికి లెక్కలు చెప్పవచ్చు, పార్ట్ టైమ్ ఉద్యోగం చేయవచ్చు. ఎన్నేళ్లు చదవాలో ఒక హద్దు పెట్టుకుని దాన్ని ఇంట్లో వారికి చెప్పండి. ఆ హద్దు మీ చేతిలోది, ప్రభుత్వం చేతిలోది కాదు. మనసు మరీ కుంగి, చావు గురించిన ఆలోచనలు వస్తుంటే పుస్తకాల కోసం చూడకండి. ఇంట్లో చెప్పి వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లండి, లేదా 14416 టెలిమానస్ నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడండి.

ప్రశ్న: మా ఆయన గల్ఫ్ పోయి నాలుగేళ్లు దాటింది. పాస్‌పోర్టు కఫీల్ (అక్కడి యజమాని) దగ్గరుంది. ప్రతి సారీ దసరాకు వస్తా, సంక్రాంతికి వస్తా అంటాడు. పిల్లలు క్యాలెండర్ మీద రోజులు కొట్టేస్తుంటారు. ఆశ పెట్టాలా, వద్దా?
– గృహిణి, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, ఆశ పెట్టండి, పండుగ పేరు మాత్రం పెట్టకండి. ఆయన అబద్ధం చెప్పాలని చెప్పడం లేదు. అక్కడ తనకు తాను చెప్పుకునేదే మీకూ చెబుతున్నాడు. ఆయనకు కూడా ఆ తేదీ కావాలి. కానీ దసరా దాటిన రోజు పిల్లల ముఖాలు ఎలా ఉంటాయో ఆయనకు ఫోనులో కనబడదు, మీకు కనబడుతుంది. అందుకే ఆ క్యాలెండర్‌ను గోడ మీద నుంచి తీసేయమని నా సలహా. దాని బదులు పిల్లలు రోజూ ఆయనకు చెప్పవలసినది ఒకటి ఉండేలా చూడండి: బడిలో ఏం చెప్పారు, పెరట్లో బీరపాదు ఎంత పాకింది, నాయనమ్మ ఏమని తిట్టింది. ఆయనను కూడా ఇంటి పనిలో భాగం చేయండి. పెద్దవాడిని ఏ బడిలో వేయాలో, పొలం కౌలుకు ఇవ్వాలో వద్దో ఆయన్నే నిర్ణయించమనండి. ఇంట్లో తన మాట కోసం ఒక నిర్ణయం ఆగి ఉందని తెలిసిన మనిషి అంత త్వరగా చేతులెత్తేయడు.

తిరిగి వచ్చాక అంతా పాతలాగే ఉంటుందని కూడా అనుకోకండి. సినిమాలో చక్ తిరిగి వచ్చేసరికి ప్రియురాలు మరొకరిని పెళ్లాడి బిడ్డను కన్నది. ఫ్రాంకల్‌కు భార్యే లేదు. మీ విషయం అంత దూరం పోదు. అయినా నాలుగేళ్లలో పిల్లలు ఎదిగారు, మీరు ఒంటిచేత్తో ఇల్లు నడపడం నేర్చుకున్నారు, ఆయన కూడా మారి ఉంటాడు. వచ్చిన కొత్తలో ఇంట్లో ఒకరికొకరు అడ్డొచ్చినట్టు ఉంటే కంగారు పడకండి.

పాస్‌పోర్టు సంగతి వేరు, దానికి ఎదురుచూపు మందు కాదు. కార్మికుడి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోవడాన్ని యూఏఈ, సౌదీ వంటి దేశాల చట్టాలు కూడా ఒప్పుకోవు. ఆయన అక్కడి భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. ఆయనకు కుదరకపోతే మీరే ఇక్కడి నుంచి విదేశాంగ శాఖ వారి ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. పాస్‌పోర్టు, వీసా నకళ్లు, కంపెనీ పేరు, ఆయన ఫోను నంబరు దగ్గర పెట్టుకుని, చదువుకున్న పిల్లలెవరినైనా వెంటబెట్టుకుని మీ సేవ కేంద్రానికి వెళ్లండి. ఫిర్యాదు సంఖ్య రాసుకుని, దాన్ని ఆయనకు కూడా పంపండి.